గొడుగు మనిషికి దారి చెప్పినావిడ

ఆ బస్టాండులో ఇరవై ఏళ్ళకు పైగా మైకు ముందు కూర్చున్నావిడకు అసలు పేరొకటి ఉండే ఉంటుంది. జీతాలిచ్చే ఆఫీసుకు తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టాయన, ఊడ్చే ఆయా, అందరికీ ఆవిడ అనౌన్సరమ్మే. మొదట్లో టికెట్ల కిటికీలో గుమాస్తాగా చేరింది. అప్పటి అనౌన్సరుకు ఒకరోజు జ్వరం వస్తే, మేనేజరు కాగితం పట్టుకుని "ఎవరైనా చదువుతారా" అంటూ కిటికీ కిటికీకీ తిరిగాడు. మిగతా గుమాస్తాలంతా తలలు దించుకుని చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఈవిడ ఒక్కతే తల దించుకోవడం మర్చిపోయింది. జ్వరం తగ్గి ఆ పెద్దమనిషి తిరిగొచ్చేసరికి అతని కుర్చీ కాస్తా పోయింది.

గొప్ప గొంతేమీ కాదు. పాట ఎత్తుకుంటే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునే బాపతు. కానీ మాట మాత్రం తేటగా ఉండేది. ఎంత గోలలోనైనా ఒక్క అక్షరం కూడా మింగేది కాదు. పైగా మైకు గది మేడమీద ఉంది, నాలుగు వైపులా అద్దాలు. ఆవరణంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంటే, చేతిలో కాగితం ఒక్కటే చదివి ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ప్రయాణీకులకు విజ్ఞప్తి. మూడవ ప్లాట్‌ఫారం వద్ద కుళాయి నీళ్ళు కారుచున్నవి. పెద్దవారు మెట్ల వైపు నుండి నడవవలసిందిగా కోరడమైనది" అనేది. "ఎర్ర టోపీ పెట్టుకున్న బాబు ఒకడు విచారణ కౌంటరు వద్ద ఏడుచుచున్నాడు. సంబంధీకులు వెంటనే వచ్చి ఊరుకోబెట్టవలెను" అనేది. వచ్చిన ప్రతి మేనేజరూ ఆవిడను పిలిచి, "అమ్మా, బస్సుల సంగతి చెప్తే చాలమ్మా, కుళాయిల సంగతి మనకెందుకు" అని చెప్పి చూశాడు. ఆవిడ సరేనండీ అని తల ఊపి, మేడెక్కి మళ్ళీ కుళాయి సంగతే చెప్పేది. మేనేజర్లు బదిలీ అయి వెళ్ళిపోయారు గానీ కుళాయీ మారలేదు, ఆవిడా మారలేదు.

ఆ భాష ఇంటిదాకా వచ్చింది. భర్తకు సైకిళ్ళ షాపు. సాయంత్రం వాకిట్లో ఆయన ఏ చక్రమో తిప్పుకుంటూ కూర్చుంటే లోపలి నుంచి వినిపించేది: "భోజనము బల్ల మీదకు వచ్చియున్నది. గ్రీజు చేతులు కడుగుకొని సిద్ధముగా ఉండవలెను."

"ఏ ప్లాట్‌ఫారం మీదకండీ?" అని ఆయన అరిచేవాడు.

ఇద్దరూ నవ్వుకునేవారు. పెళ్ళయిన కొత్తల్లో పుట్టిన ఆ హాస్యానికి అంత నవ్వు అవసరమా అంటే, అవసరం లేదు. కానీ వాళ్ళ ఇల్లు, వాళ్ళ నవ్వు, మధ్యలో మనకేం పోయింది.

తర్వాత బస్టాండుకు మెషీన్ వచ్చింది. ఒక డబ్బా, దాంట్లో ఎవరిదో ఒక ఆడగొంతు. దానికి జలుబు చెయ్యదు, అది సెలవు అడగదు, కుళాయి ఊసెత్తదు. అనౌన్సరమ్మను కింద పోయిన వస్తువుల గదికి మార్చారు. జనం బస్సుల్లో మర్చిపోయినవన్నీ అక్కడికి వస్తాయి. టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి ఒక కట్టుడు పళ్ళ సెట్టు, ఇక గొడుగులైతే లెక్కే లేదు. జీతం తగ్గలేదు. పని సగం కూడా లేదు. అదృష్టవంతురాలివి అని తోటి గుమాస్తాలు అన్నారు.

మెషీన్ మొదలైన రోజు ఆవిడ పనిగట్టుకుని ముందే వచ్చి హాల్లో ఒక మూల నిలబడింది. కొత్త గొంతు మోగింది. ఎవరైనా ఉలిక్కిపడతారేమో, కనీసం ఒక్కరైనా పక్కవాళ్ళతో "అదేంటి, ఆవిడ ఏమైంది" అంటారేమో అని చూసింది. ఒక్కడంటే ఒక్కడు తలెత్తలేదు. ఒకాయన మాత్రం తిన్నగా ఆవిడ దగ్గరికే వస్తే గుండె ఝల్లుమంది. ఆయన మరుగుదొడ్డి ఎటు అని అడిగాడు.

ఆ రాత్రి మొగుడితో ఒక్క మాట అంది: "ఇన్నేళ్ళూ గోడలకు చెప్పుకున్నానన్నమాట."

అప్పటి నుంచి ఇంట్లో అన్నం బల్ల మీదకు చప్పుడు లేకుండా వచ్చేది. ఆయన అలవాటు కొద్దీ "ఏ ప్లాట్‌ఫారం?" అని ఒకటి రెండుసార్లు అడిగి చూశాడు. జవాబు రాకపోయేసరికి మానుకున్నాడు. ఎలాంటి పంక్చరైనా నీళ్ళ బేసిన్‌లో ముంచి చిటికెలో కనిపెట్టే మనిషి, భార్యకు గాలి ఎక్కడి నుంచి పోతోందో కూడా ఆయనకు తెలుసు. దానికి అతికించే ముక్కే ఆయన షాపులో దొరకలేదు. ఆవిడకు కావలసినదల్లా ఒక్కటే. ఇన్నేళ్ళలో ఒక్కరైనా విన్నారా, లేదా. అది ఎవరిని అడుగుతుంది?

అనౌన్సరమ్మకు ఒక మేనకోడలుంది. అన్నగారి కూతురు. మందుల షాపులో పనిచేస్తుంది, పగలంతా డాక్టర్ల చేతిరాతలతో కుస్తీ పడుతుంది, సాయంత్రం వీడియో గేములు ఆడుతుంది. తనలాంటి వాళ్ళనే మరో కొందరిని పోగేసుకుని, ఏడాదికోసారి ఒక యజ్ఞం లాంటిది పెట్టుకుంది. శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా ఆడతారు. ఆ ఆటంతా నెట్‌లో లైవ్‌గా వస్తుంది. చూసేవాళ్ళు తోచినంత పంపుతారు. వచ్చిందంతా ఒక మంచి పనికి ఇచ్చేస్తారు. గేములాడితే ఎవరికేం లాభమే అని ఇంట్లో ఏళ్ళ తరబడి తిట్లు తిన్నవాళ్ళు కనిపెట్టిన జవాబు అది.

కొన్నేళ్ళుగా వాళ్ళు సాయం చేస్తున్నది నడివయసులో చూపు పోయినవాళ్ళకు మళ్ళీ బతుకు నేర్పే ఒక కేంద్రానికి. కర్రతో నడవడం, ఫోను వాడడం, వంట చేసుకోవడం అన్నీ అక్కడ మొదటి నుంచి నేర్పుతారు. ఈసారి ఆ కేంద్రానికి వంటగది కావాలి. ఉన్న స్టవ్వు దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెలుగుతోందట.

ఆడేవాళ్ళ పక్కన సోఫాలో ఒక మనిషి కూర్చుని ఆట ఎక్కడిదాకా వచ్చిందో చూసేవాళ్ళకు చెబుతూ ఉండడం వాళ్ళ ఆచారం. ఆ మనిషిని సోఫా మనిషి అంటారు. ఏటా ఆ పని లెక్కల మాస్టారిది. ఈసారి ఆయన స్కూలు ఆటల పోటీల్లో పిల్లల మీద అరిచి అరిచి, సరిగ్గా రెండు రోజుల ముందు గొంతు పోగొట్టుకున్నాడు.

మేనకోడలు తిన్నగా పోయిన వస్తువుల గదికి వచ్చింది.

"అత్తా, ఒక గొంతు కావాలి."

"గొంతులు ఎవరూ మర్చిపోలేదే ఇంకా. గొడుగులైతే చాలా ఉన్నాయి, కావాలా?"

"నీ గొంతే కావాలి. రెండు రోజులు. సోఫాలో కూర్చుని కనపడింది చెప్పడమే. నీకు కొట్టినపిండి."

"నేను మాట్లాడితే ఎవరు వింటారే? నీకేమైనా పిచ్చా?"

"వినకపోతే వినకపోనీ అత్తా. సోఫా ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదు, అంతే."

ఇంకెవరైనా అయితే ఈ మాటకు మొహం మాడ్చుకునేవారు. అనౌన్సరమ్మకు మాత్రం అది నచ్చింది. సోఫా నింపడానికి పిలిస్తే ఎవరూ వినలేదన్న బాధ ఉండదు కదా. సరే వస్తానంది.

ఆ ముఠా మకాం ఒక పరుపుల దుకాణం పైన. దుకాణం ఓనరు దయతలచి అమ్ముడుపోని సోఫా ఒకటి వాడుకోమన్నాడు గానీ, దాని ప్లాస్టిక్ తొడుగు మాత్రం తియ్యొద్దన్నాడు. కూర్చున్నవాళ్ళు కాస్త కదిలితే చాలు, ఆ తొడుగు చేసే రకరకాల చప్పుళ్ళు మైకులో పడి పరువు తీసేవి. గోడకు పెద్ద అట్ట మీద ఒక ఖాళీ వంటగది బొమ్మ గీసి అంటించారు. కావలసినంత పోగైనప్పుడల్లా స్టవ్వనీ, సింకనీ, అలమరనీ కాగితం బొమ్మలు ఒక్కొక్కటే అతికిస్తారు. మూలన బల్ల మీద మూడు తెరలు పెట్టుకుని ఒక బ్యాంకు క్యాషియర్ కూర్చున్నాడు. బయటివాళ్ళకు ఎప్పుడు ఏ బొమ్మ పంపాలో చూసేది ఆయనే. విరామం వస్తే "భోజనానికి వెళ్ళాం, పారిపోలేదు" అని రాసిన అట్ట బొమ్మ పెట్టి, ఆట మొదలవగానే దాన్ని తీసెయ్యాలి. నోట్లు లెక్కపెట్టడంలో ఒక్కటి తప్పని మనిషి కదా అని ఆ పని ఆయనకిచ్చారు.

ఈసారి ముఖ్యమైన ఆట ఆడేది లిఫ్టు మెకానిక్. వేగంలో ఆయన్ను మించినవాడు ఆ ముఠాలో లేడు. ఎవరైనా నిదానంగా మెట్లెక్కుతుంటేనే ఆయనకు ఊపిరాడదు. ఆట పాతది. ఒక పొట్టి మనిషి గొడుగు పట్టుకుని, ఇళ్ళ కప్పుల మీదుగా, గాలిమర మీదుగా, ఓడరేవు మీదుగా దూకుతూ పోయి, సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ ఎక్కి పైనున్న గంట కొట్టాలి. గంట మోగితే పక్కనున్న గడియారం ఆగుతుంది. ముఠాలో ఇప్పటిదాకా ఎవరూ కొట్టనంత త్వరగా ఆ గంట కొట్టాలని లిఫ్టు మెకానిక్ ఏడాదిగా అదే పనిగా ఆడుతున్నాడు.

"గొడుగుల నుంచి రెండు రోజులు తప్పించుకుందామని వస్తే ఇక్కడా గొడుగేనా" అంది అనౌన్సరమ్మ.

శనివారం బాగానే గడిచింది. వేరేవాళ్ళు ఆడిన చిన్నచిన్న ఆటలకు ఆవిడ తనకు తెలిసిన భాషలోనే చెప్పుకుంటూ పోయింది. "నీలి రంగు కారు ఇప్పుడే గోడను ఢీకొని యున్నది. ఎరుపు రంగు కారు మరికొద్ది సేపట్లో ఢీకొనగలదు." చూసేవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారని మేనకోడలు చెప్పింది. నవ్వితే నవ్వారు, విన్నట్టు కాదుగా అనుకుంది ఆవిడ. చీకటి పడేసరికి ఇంటికెళ్ళి హాయిగా పడుకుంది.

అసలు కథ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ఆటగాళ్ళకు పందేలు విసరడం చూసేవాళ్ళకు సరదా. కాస్త ఎక్కువ పంపి, ఎడమచేత్తో ఆడు, చేతి తొడుగులేసుకుని ఆడు అంటారు. ఒప్పుకుని తీరాలి. భోజనాలు అవుతుండగా ఒకావిడ పెద్ద మొత్తమే పంపి పందెం వేసింది: గాలిమర నుంచి ఓడరేవు దాకా లిఫ్టు మెకానిక్ కళ్ళకు గంతలు కట్టుకుని ఆడాలి, సోఫా మనిషి చెప్పే మాటే ఆధారం.

లిఫ్టు మెకానిక్ మొహం పాలిపోయింది. "నా గడియారం ఏం కావాలి?" అన్నాడు.

"వంటగదికి స్టవ్వు ఏం కావాలి?" అంది మేనకోడలు, తన స్కార్ఫు విప్పి ఆయన కళ్ళకు కట్టేస్తూ.

అందరూ తింటున్న కంచాలు అక్కడే వదిలేసి సోఫా చుట్టూ మూగారు. క్యాషియరూ మూగాడు. ఆట మొదలైంది.

"ప్రయాణీకులకు విజ్ఞప్తి. గొడుగు మనిషి గాలిమర పైకప్పుపై నిలుచుని యున్నాడు. ఇతనికి ఎదురుగా ఒక పెద్ద సందు కలదు. కావున ఇతను సదరు సందులో పడకుండా దూకవలసిందిగా..."

పడ్డాడు.

"కోరడమైనది" అని ఆవిడ పూర్తి చేసింది.

మళ్ళీ మొదలుపెట్టారు. "ప్రయాణీకులకు..." అనేసరికే పడ్డాడు. మూడోసారి "సదరు" దగ్గర పడ్డాడు. లిఫ్టు మెకానిక్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. "అమ్మా, మీకు దణ్ణం పెడతా. బస్సయితే ఆగుతుంది గానీ ఇక్కడ గడియారం ఆగదమ్మా! ఎక్కడ దూకాలో అది చెప్పండి చాలు!"

అనౌన్సరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఏళ్ళుగా మైకు ముందు ఆవిడ మామూలు మనిషిలా ఒక్క మాటా మాట్లాడలేదు. మైకు దగ్గర ఆ భాష తప్ప వేరేది మాట్లాడొచ్చని కూడా తోచలేదు. కానీ గొడుగు మనిషి మళ్ళీ సందు అంచుకు వచ్చేశాడు.

"దూకు!" అంది.

దూకాడు. అవతల నిలబడ్డాడు.

"ఆఁ, అక్కడే ఉండు నాయనా. కదలకు. ముందు తాడుంది, దానిమీద పావురాలు వరసగా కూర్చున్నాయి. అవి లేచేదాకా ఆగు. చివరిది ఉంది చూశావూ, లావుది, అది బద్ధకం పిట్ట. మెడ తిప్పుతోంది గానీ లేవట్లేదు. ఉండు, ఉండు... లేచింది. ఇక నడు. నెమ్మదిగా. తాడు ఊగుతోంది, గొడుగు తెరువు. ఎడమకి. ఇంకొంచెం. ఇప్పుడు కిందికి చూడకు."

"నాకు కళ్ళకు గంతలున్నాయమ్మా."

"మంచిదే. కింద చాలా లోతుంది."

ఇక ఆవిడను పట్టడం ఎవరి తరం కాలేదు. అద్దాల గదిలోంచి ఆవరణను చూసినట్టే చూసింది, చూసినదల్లా చెప్పింది. పెంకులు ఎక్కడ ఊడాయో, పొగగొట్టం వెనక పిల్లి ఎలా నక్కిందో, దాని తోక ఎలా ఆడుతోందో చెప్పింది. "ఈ పిల్లికి నీమీద ఏదో పాత కక్ష ఉంది బాబూ, దాని చూపు చూస్తే తెలిసిపోతోంది" అంది. ఒక కిటికీలో ఎవరో బట్టలారేస్తుంటే అదీ చెప్పింది, దాంతో ఆటకేం సంబంధం లేకపోయినా. లిఫ్టు మెకానిక్ ఒళ్ళంతా చెవులు చేసుకుని ఆవిడ ఆగమంటే ఆగాడు, దూకమంటే దూకాడు. చివరికి ఓడరేవులో తెడ్లు, పీపాల మధ్య కాళ్ళు నేలకు ఆనినప్పుడు గదంతా ఈలలు వేసింది. ఆయన గంతలు విప్పేసి గడియారం చూసి, "పెద్దగా నష్టపోలేదు, ఇంకా ఆశ ఉంది" అన్నాడు.

అప్పుడు క్యాషియర్ తన బల్ల దగ్గరికి వెళ్ళి ఒక్క కేక పెట్టాడు. "కొంప మునిగింది!"

బయటికి వెళ్ళే తెర మీద "భోజనానికి వెళ్ళాం, పారిపోలేదు" అనే అట్ట అలాగే ఉంది. హడావుడిలో తియ్యడం మర్చిపోయాడు. గాలిమర, పావురాలు, పిల్లి, దేన్నీ బయటివాళ్ళు ఒక్కళ్ళు కూడా చూడలేదు. మామూలుగా అయితే బొమ్మ క్షణం ఆగితే చాలు, చూసేవాళ్ళు బూతులొక్కటే తక్కువగా తిడుతూ రాస్తారు. ఈసారి ఒక్క తిట్టూ రాలేదే! అందరూ మానేసి వెళ్ళిపోయారేమోనని మేనకోడలు వాళ్ళ రాతలు తెరిచి చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరూ పోలేదు" అంది. "మనం కావాలనే చేశామనుకున్నారు. ఆటగాడికి గంతలు కడితే మనకూ కట్టారు, భలే ఆలోచన అని రాశారు. ఇదిగో, ఒక ఇంట్లో అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారట. ఆ పిల్లిని వాళ్ళమ్మాయి తిడుతోందట."

క్యాషియర్ గబగబా అట్ట తీసేసి అసలు బొమ్మ పెట్టాడు. వెంటనే మొదటి ఫిర్యాదు వచ్చింది: "ఎందుకు పెట్టారండీ? నేననుకున్న ఊరు ఇంతకంటే బాగుంది."

గోడ మీది వంటగదిలోకి స్టవ్వు, సింకు, అలమర వరసపెట్టి వచ్చేశాయి. అతికించడానికి కాగితం బొమ్మలు అయిపోతే క్యాషియర్ తన తప్పుకు ప్రాయశ్చిత్తంగా గరిటెలూ, మూకుడూ పెన్నుతో గీస్తూ నిలబడ్డాడు. మూకుడు కాస్త టోపీలా వచ్చింది.

"చూశావా అత్తా, నువ్వు చెప్పింది తప్ప వాళ్ళకి ఇంకేం లేదు. అయినా ఒక్కరు కదల్లేదు" అంది మేనకోడలు.

అనౌన్సరమ్మ సంతోషపడింది. పడలేదంటే అబద్ధం. కానీ ఆ వెంటనే మనసు పాత చోటికే పోయింది. "కొత్త కదే, వింతగా ఉండి విన్నారు. రోజూ మోగేదాన్ని ఎవరు వింటారు" అంది. ఇరవై ఏళ్ళ లెక్క ఒక మధ్యాహ్నంతో తీరేదా?

చివరి అంకానికి ముందు, ఆటనూ గడియారాన్నీ కాసేపు ఆపి, ఆ కేంద్రానికి ఫోన్ చేసి, ఆ మాటలు అందరికీ వినపడేలా పెట్టడం వాళ్ళ మరో ఆచారం. ఏటా ఆ కేంద్రం నడిపే ఆవిడ వచ్చి, చాలా కృతజ్ఞతలు అని నాలుగు ముక్కలు చెప్పి పెట్టేస్తుంది. ఈసారి ఆవిడ "హలో" అనగానే ఎవరో ఫోన్ లాక్కున్నట్టు చప్పుడైంది. ఒక మగగొంతు, బాగా పెద్దది, వినిపించింది.

"హలో! ఆ చెప్పేది బస్టాండు అమ్మే కదా?"

అనౌన్సరమ్మ మేనకోడలి వంక చూసింది. మేనకోడలు మోచేత్తో పొడిచింది.

"అవునండీ" అంది మెల్లగా.

"నే చెప్పలా!" అని ఆయన వెనకున్నవాళ్ళ మీద అరిచాడు. "కాదు కాదంటారు! అమ్మా, నేను లారీ నడిపేవాణ్ణి. కళ్ళు పోయాక ఇక్కడికి బస్సులోనే వస్తున్నా. నాలాంటివాళ్ళం ఇంకొందరం ఉన్నాం. బోర్డులు మాకు కనపడవు కదా, మాకు బస్టాండంటే మీరే. మూడో ప్లాట్‌ఫారం దగ్గర నీళ్ళు కారుతున్నాయి, మెట్ల వైపు నుంచి నడవండి అనేవారు చూడండి, అది మీరు నా కోసమే చెప్తున్నారనుకునేవాణ్ణి. మీరు మానేసిన రోజు ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?"

"ఆ నీళ్ళలోనే కాలు జారి కూలబడ్డా. లేచి వెళ్ళి కౌంటర్లో అడిగా, అమ్మకి ఒంట్లో బాలేదా అని. మెషీన్ పెట్టామన్నారు. ఏం, మీ మెషీన్‌కి కుళాయి కనపడదా అన్నా. వెళ్ళినప్పుడల్లా అడుగుతూనే ఉన్నా, అమ్మనెప్పుడు తెస్తారని. ఇప్పుడు నా కర్ర చప్పుడు వింటే చాలు, కౌంటర్లో మనిషి లేచి టీకి వెళ్ళిపోతున్నాడు."

అనౌన్సరమ్మకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూడలేదు, ఏడ్చింది. సోఫా తొడుగు కిర్రుమంది. ఇంత జరుగుతున్నా తనకు తెలియలేదు. పోయిన వస్తువుల గది బస్టాండుకు ఆ చివర, కౌంటరు ఈ చివర. ఆవిడ గురించి అడగడానికి వచ్చిన మనిషి రోజూ ఆవిడకు వినపడనంత దూరంలో అడిగి వెళ్ళిపోతున్నాడు.

"ఇంకోమాట అమ్మాయ్" అన్నాడాయన. ఇది మేనకోడలికి. "ఏమీ అనుకోకండి. ఏటా మా కోసం ఆడుతున్నారు, మర్యాద కాదని మేమూ హాల్లో కూర్చుని వింటాం. దబ్‌దబ్ చప్పుళ్ళు, అయ్యో, అబ్బా, కొట్టేశాడ్రా! ఏం కొట్టాడో, ఎవణ్ణి కొట్టాడో మాకేం తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఇవాళే మొదటిసారి, ఎవరు ఎక్కడున్నారో తెలిసింది. పిల్లి దగ్గర మా హాలంతా గోల గోల."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చూపు లేనివాళ్ళ కోసం ఇన్నేళ్ళుగా ఆడుతూ, వాళ్ళకు ఆట చెప్పాలని ఆ తెలివైనవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. మేనకోడలు సిగ్గుతో, "తప్పయిపోయిందండీ" అంది.

"తప్పేముందిలే. వంటగది ఇస్తున్నారుగా" అన్నాడాయన. "కానీండి, కానీండి. ఫోన్ పెట్టెయ్యను, వింటుంటా. చివర్న సముద్రం వస్తుందటగా?"

లిఫ్టు మెకానిక్ మెరుపులా ఆడాడు. లైట్‌హౌస్ మెట్లు గిరగిరా ఎక్కేస్తుంటే అనౌన్సరమ్మ ఆయన వెంట మాటలతో పరిగెత్తింది. పైకి చేరాడు. ఎదురుగా గంట, పక్కన గడియారం. ఇప్పుడు కొడితే ముఠాలో అందరికంటే ముందు ఉంటాడు. వెనక తెర నిండా సముద్రం పరుచుకుంది.

"వచ్చిందా?" అన్నాడు లారీ డ్రైవరు ఫోన్లో. "చెప్పండమ్మా."

అనౌన్సరమ్మ తెర వంక చూసింది. "నీళ్ళున్నాయండీ" అంది. "చాలా ఉన్నాయి." అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ తనే, చిన్న గొంతుతో అంది: "నేనెప్పుడూ సముద్రం చూడలేదండీ. సముద్రం ఒడ్డుకు పోయే బస్సు ఎంతమందిని ఎక్కించానో. నేను మాత్రం వెళ్ళలేదు."

లారీ డ్రైవరు అందుకున్నాడు.

"నేను చూశానమ్మా. లోడు దింపాక రేవులోనే పడుకునేవాణ్ణి. అక్కడ మీకు కనపడేదేదో మీరు చెప్పండి. మిగతాది నేను చెప్తా."

లిఫ్టు మెకానిక్ గంట కొట్టబోయినవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కంట్రోలర్ ఒళ్ళో పెట్టేసి కూర్చున్నాడు. గడియారం తన మానాన తను తిరుగుతోంది, ఆయన దాని వైపు చూడలేదు.

"చివర గీత గీసినట్టుందండీ. నీళ్ళు అక్కడితో అయిపోయి ఆకాశం మొదలైంది" అంది అనౌన్సరమ్మ.

"అయిపోవు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ గీత అవతలికి పోతుంటుంది. ఇంకా?"

"తెల్లగా మడతలు మడతలుగా వస్తున్నాయి. ఒడ్డుకొచ్చి విప్పుకుంటున్నాయి."

"అవి అలలు. కాలి మీదికొచ్చినప్పుడు చల్లగా జివ్వుమంటుంది. వెనక్కి పోయేటప్పుడు మీ పాదాల కింద ఇసక లాగేసుకుపోతుంది. పడిపోతామేమోనని భయమేస్తుంది, పడం. ఇంకా?"

"ఎండ పడుతోందండీ. ఒకచోట మాత్రం మెరుస్తోంది."

"ఒకచోట కాదు, మిమ్మల్ని చూసే మెరుస్తుంది. మీరు పక్కకి నడిస్తే ఆ మెరుపు మీతోపాటే నడుస్తుంది. గాలి ఉప్పగా ఉంటుంది, పెదవి మీద తెలుస్తుంది. చప్పుడు ఒక్క క్షణం ఆగదు. కానీ కాసేపటికి అది వినపడ్డం మానేస్తుంది, అది ఆగితే గానీ తెలీదు ఉందని. కళ్ళు మూసుకోండి ఒకసారి."

అనౌన్సరమ్మ కళ్ళు మూసుకుంది. గదిలో మేనకోడలు, క్యాషియర్, లిఫ్టు మెకానిక్ కూడా మూసుకున్నారు.

"ఏమ్మా, కనపడిందా?" అన్నాడాయన.

"ఆఁ, కనపడిందండీ" అంది అనౌన్సరమ్మ.